వరద గోదావరి – పాపికొండల విహారం

గంగానది తరువాత మన దేశంలో అంత పొడవైన నది గోదావరి. మహారాష్ట్రలోని నాసిక్ సమీపాన త్ర్యంబకేశ్వరం వద్ద పుట్టి, దక్కను పీఠభూమిని పడమటి నుండి తూర్పునకు దాటి, 1,465 కిలోమీటర్లు పయనించి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఈ దారిలో ఆ నది చూపే రూపాలు అనేకం. బాసరలో సరస్వతీదేవి సన్నిధిని ప్రశాంతంగా సాగుతుంది. కాళేశ్వరంలో ప్రాణహితను కలుపుకొని బలపడుతుంది. భద్రాద్రి రాముని ముంగిట వినయంగా వంపు తిరుగుతుంది. రాజమహేంద్రవరం చేరేసరికి సముద్రాన్ని తలపించే వెడల్పు సంతరించుకొంటుంది. భద్రాచలానికి, రాజమహేంద్రవరానికి నడుమ తూర్పు కనుమలను చీల్చుకొని ప్రవహించే తావు మాత్రం వీటన్నిటికంటె భిన్నమైనది. అదే పాపికొండల సీమ.

మన సంస్థలో పనిచేస్తూ ఇతర రాష్ట్రాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఎల్.టి.సి.పై స్వస్థలం వెళ్ళినప్పుడు పాపికొండల లాంచీ ప్రయాణం చేయాలన్న కోరిక ఉండడం సహజం. అయితే మనకు సెలవు దొరికే రోజులు వేరు, గోదావరి మనలను రానిచ్చే రోజులు వేరు. పిల్లల బడి సెలవులు వేసవిలోనో దసరాకో వస్తాయి. వేసవిలో నదిలో నీరు పలుచన. దసరా నాటికి వరద పూర్తిగా తీసిపోయి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. అందుచేత ఈ ప్రయాణపు అందాలతో పాటు, నీటిమట్టం పెరిగినప్పుడు ఆ కొండల నడుమ ఏమి జరుగుతుందో కూడా పాఠక మిత్రులకు వివరించడం అవసరమని భావిస్తున్నాము.

కొండల నడుమ

మేము కొన్ని కుటుంబాల వారము కలిసి కార్తిక మాసంలో ఈ ప్రయాణం చేశాము. రాజమహేంద్రవరం వైపు నుండి వచ్చేవారు గండి పోచమ్మ ఆలయం వద్ద, భద్రాచలం వైపు నుండి వచ్చేవారు పోచవరం వద్ద లాంచీ ఎక్కుతారు. మేము గండి పోచమ్మ అమ్మవారిని దర్శించుకొని బయలుదేరాము. మొదట నది విశాలంగానే ఉన్నది. పోనుపోను ఇరువైపుల కొండలు దగ్గరగా జరుగుతూ వచ్చాయి. అంతకు మునుపు కిలోమీటర్ల వెడల్పున పరచుకొన్న గోదావరి ఇక్కడ కొన్ని వందల మీటర్లకు ముడుచుకొంటుంది. తలలో తీసిన పాపిడి వలె కొండల మధ్య నది కనిపించడం చేతనే వీటికి పాపిడి కొండలని పేరు వచ్చిందనీ, అదే పాపికొండలుగా మారిందనీ చెప్పుకొంటారు. మలుపు మలుపునకు ముందు దారి మూసుకుపోయినట్లే ఉంటుంది. దగ్గరకు వెళ్ళగానే కొండ పక్కకు తొలగి దారి ఇస్తుంది.

పేరంటపల్లి వద్ద దిగి, చెట్ల నీడన శివాలయాన్ని దర్శించాము. అక్కడి గిరిజనులు వెదురుతో అల్లిన బుట్టలు, పూలసజ్జలు అమ్మకానికి పెట్టారు. ఆడవారు బేరమాడకుండా కొన్నారని చెబితే పాఠకులు నమ్మకపోవచ్చు గాని, అది నిజం. ఆ పనితనం అటువంటిది.

తిరుగు ప్రయాణంలో మా దృష్టిని ఆకర్షించినది మరొకటి ఉన్నది. మేము లాంచీ పైఅంతస్తులో కూర్చున్నాము. అయినను మా తలలకంటె చాలా ఎత్తున, ఒడ్డునున్న చెట్ల కొమ్మలకు ఎండుగడ్డి, చింకిగుడ్డలు, ప్లాస్టిక్ సంచులు వేలాడుతున్నాయి. కొండ రాళ్ళపై ఒక గీత వరకు మట్టిపూత, ఆ పైన శుభ్రమైన రాయి. అది ఆ ఏడాది వరద వ్రాసిపోయిన గీత అని సరంగు వివరించారు. మేము ప్రయాణిస్తున్న నీటికి, ఆ గీతకు మధ్యనున్న ఎత్తును కంటితో కొలిచినప్పుడు, ఇదే చోట శ్రావణ భాద్రపదాలలో ఏ నది పారుతుందో కొంత అర్థమయినది.

నీరు పెరిగితే ఏమవుతుంది?

గోదావరి వరదకు మూలం మన కంటికి కనిపించే వాన కాదు. విదర్భలో కురిసిన వర్షం పెన్‌గంగ, వార్ధా, వైన్‌గంగ నదుల ద్వారా ప్రాణహితలోనికి, బస్తరు అడవులలో కురిసిన వర్షం ఇంద్రావతిలోనికి చేరి గోదావరికి వస్తుంది. కూనవరం వద్ద శబరి వచ్చి కలుస్తుంది. గోదావరి నిండుగా ఉన్నప్పుడు శబరి నీటికి దారి దొరకక వెనుకకు ఎగదన్నుతుంది. ఈ విధంగా దాదాపు 3 లక్షల 12 వేల చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతపు నీరంతా ఆ ఇరుకు కొండల నడుమ నుండే సముద్రానికి పోవలసి ఉన్నది. కనుక పాపికొండల వద్ద ఆకాశం నిర్మలంగా ఉండి, ఎండ కాస్తున్న దినాన కూడా నది ఉగ్రంగా ఉండవచ్చును.

ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అనగా సుమారు 28 లీటర్ల నీరు. నదిలో 5 లక్షల క్యూసెక్కుల ప్రవాహం ఉన్నదంటే ప్రతి సెకనుకు దాదాపు ఒక కోటీ నలభై లక్షల లీటర్ల నీరు పోతున్నదన్నమాట. మైదానంలో ఈ నీరు లంకల మీదికి పరచుకొని పోతుంది. కొండల మధ్య పరచుకొనడానికి చోటు లేదు. కాబట్టి మట్టం పెరుగుతుంది, దానితో పాటు వేగమూ పెరుగుతుంది. ఒడ్డు నుండి పొడుచుకువచ్చిన రాతికొనను దాటగానే నీరు వెనుకకు మరలి సుడి కడుతుంది. మలుపుల వద్ద ప్రవాహం ఒక ఒడ్డును ఒరుసుకొని పోతుంది. పైకి నునుపుగా కనిపించే నీటి క్రింద మునిగిన బండలు ఉంటాయి. వాటిపై నుండి దూకిన నీరు దిగువన కుతకుతలాడుతుంది.

ఇట్టి నీటిలో లాంచీకి కలిగే ఇబ్బంది పోవునప్పుడు ఒక విధం, వచ్చునప్పుడు మరొక విధం. నిలిచిన నీటిలో గంటకు 12 కిలోమీటర్లు పోగల లాంచీ, గంటకు 8 కిలోమీటర్ల ప్రవాహానికి ఎదురేగుతున్నదనుకొందాము. ఒడ్డుతో పోల్చినప్పుడు అది గంటకు 4 కిలోమీటర్లు మాత్రమే కదులుతుంది. ఇంజను పూర్తి బలంతో పనిచేస్తూ ఉంటుంది. సుడి వచ్చినప్పుడు ఉపయోగించడానికి అదనపు బలం మిగలదు. ఆ క్షణంలో ఇంజను కొద్దిగా తడబడినా లాంచీ అడ్డం తిరుగుతుంది. ప్రవాహానికి అడ్డంగా నిలిచిన పడవపై పడే ఒత్తిడి ఎంతో తెలుసుకొనడానికి గణితం అక్కరలేదు.

వాలు ప్రయాణంలో అదే లాంచీ గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతుంది. చూచేవారికి అది హాయిగా ఉంటుంది. కాని చుక్కాని పనిచేసేది దానిని ఒరుసుకొని పారే నీటి బలంతోనే. భయపడి ఇంజను తగ్గిస్తే పడవ నీటితో సమంగా కొట్టుకుపోతుంది. అప్పుడు చుక్కానికి పట్టు దొరకదు. వేగం తగ్గిస్తే అదుపు పోతుంది, తగ్గించకపోతే మలుపు ముంచుకొస్తుంది. దీనికి తోడు ఎగువ అడవుల నుండి కొట్టుకువచ్చే మానులు, దుంగలు నీటిలో సగం మునిగి వస్తుంటాయి. రెండంతస్తుల లాంచీలో జనమంతా ఛాయాచిత్రాల కోసం ఒకే వైపునకు చేరితే పడవ నిలకడ మరింత సడలుతుంది.

ఇన్ని కష్టాలకోర్చి వెళ్ళినా అక్కడ చూచేది కూడా తక్కువే. పడవ దిగే మెట్లు, ఇసుక తిన్నెలు నీట మునిగి ఉంటాయి. దిగడానికి రేవు ఉండదు. కొండవాగుల స్వచ్ఛమైన ధారలు ఎర్రనీటిలో కలిసి కనిపించవు.

ఒడ్డు కొలత, పడవ కొలత

భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీచేస్తారు. దిగువన ధవళేశ్వరం బ్యారేజీ వద్ద ఈ మట్టాలు 11.75, 13.75, 17.75 అడుగులు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక మట్టం సుమారు 10 లక్షల క్యూసెక్కుల ప్రవాహానికి సమానం. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరినది. 2022 జూలైలో 71.3 అడుగులు దాటినంత పని చేసి శాంతించినది. ఆ రెండు వరదల పేరు చెబితే మన్యం నుండి కోనసీమ వరకు పెద్దలు నేటికీ ఉలిక్కిపడతారు.

ఈ హెచ్చరికలను వార్తలలో వింటూ పెరిగిన మనకు ఒక అభిప్రాయం స్థిరపడిపోయినది. మొదటి హెచ్చరిక లేదంటే గోదావరి మామూలుగా ఉన్నట్లేనని అనుకొంటాము. ఇది పొరపాటు అభిప్రాయం. ఆ మట్టాలు ఒడ్డుననున్న గ్రామాల కోసం, కరకట్టల కోసం, లంక పొలాల కోసం నిర్ణయించినవి. నీరు ఎప్పుడు ఊళ్ళోకి వస్తుందో అవి చెబుతాయి. నదిలోనున్న పడవకు ఎప్పుడు అపాయమో చెప్పడం వాటి పని కాదు.

2019 సెప్టెంబరు 15, ఆదివారం నాడు జరిగిన దుర్ఘటన ఈ తేడాను ఎంతో బాధాకరంగా చూపినది. గండి పోచమ్మ ఆలయం వద్ద నుండి పాపికొండలకు బయలుదేరిన విహార నౌక ఒకటి దేవీపట్నం మండలంలోని కచ్చులూరు వద్ద మునిగిపోయినది. అందులో ఉన్నవారు 77 మంది. సజీవంగా బయటపడినవారు 26 మంది. చిన్న పిల్లలతో కలిసి సెలవు గడపడానికి వచ్చిన కుటుంబాలు వారిలో ఎన్నో ఉన్నాయి. సమీప గ్రామాల గిరిజనులు తమ నాటుపడవలలో ఎదురువెళ్ళి ఒడ్డుకు చేర్చకపోతే ఆ కొద్దిమంది కూడా దక్కేవారు కారేమో. లోతు, సుడి, ఒండ్రు కారణంగా నౌకను వెంటనే వెలికితీయడం సాధ్యం కాలేదు. వరద తగ్గుతూ వచ్చాక, అక్టోబరు 22న గాని అది ఒడ్డునకు రాలేదు.

ఆ దినాన నదిలో ప్రవాహం దాదాపు 5 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరికకు ఆధారమైన ప్రవాహంలో అది సగమే. ఒడ్డు కొలతతో చూస్తే గోదావరి శాంతించినట్లే లెక్క. కచ్చులూరు మలుపులో పడవ కొలతతో చూస్తే అది మృత్యుముఖం. ఈ రెండు కొలతలను వేరువేరుగా చూడడం నేర్చుకోవాలన్నదే మేము ఈ వ్యాసంలో ముఖ్యంగా మనవి చేయదలచిన విషయం.

రైన్ నదిపై కట్టుబాటు

పడవకు ప్రత్యేకమైన కొలత ఎలా ఉంటుందో తెలుసుకొనడానికి నదీ విహారాలకు పేరుపొందిన ఐరోపా వైపు ఒకమారు చూద్దాము. జర్మనీలోని రైన్ నదిపై నౌకల కోసమే నిర్ణయించిన గుర్తులు ఉన్నాయి. కొలోన్ నగరం వద్ద నీటిమట్టం 6.20 మీటర్లకు చేరితే మొదటి గుర్తు. అప్పటి నుండి నౌకలు వేగం తగ్గించి, ఒడ్డులకు దూరంగా, నది నడిమి భాగంలోనే పోవాలి. 8.30 మీటర్లు రెండవ గుర్తు. అది చేరితే సరుకుల నౌక అయినా, విహార నౌక అయినా ఆగిపోవలసినదే. అక్కడ వంతెనలు ఎక్కువ. నీరు పెరిగినకొద్దీ నౌక పైకప్పుకు, వంతెనకు మధ్య ఖాళీ తగ్గుతుంది కనుక అది మరొక అడ్డంకి. అట్టి సమయంలో యాత్రికులను బస్సులలో తదుపరి ఊరికి తీసుకువెళ్ళడం, నిలిచిన నౌకనే బసగా వాడుకొనడం అక్కడి సంస్థలకు అలవాటే.

ఈ ఏర్పాటులో మాకు నచ్చిన అంశం ఒకటి. ఆపవలెనా వద్దా అన్న నిర్ణయం రేవులో జరగదు, కొలబద్ద వద్ద జరుగుతుంది. రేవులో నిర్ణయమంటే ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు. టిక్కెట్టు కొన్నారు, ఎంతో దూరం నుండి వచ్చారు, రేపు సెలవు ముగుస్తుంది, పిల్లలు ఏడుస్తున్నారు. ఎదురుగా లాంచీ సిద్ధంగా ఉన్నది. అక్కడ వద్దని చెప్పగల మనిషి అరుదు, చెబితే వినేవారు మరీ అరుదు. మన కర్మాగారాలలో బాయిలరు ఒత్తిడి ఎర్రగీత దాటితే ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకుండా సేఫ్టీ వాల్వు తెరుచుకొంటుంది. షిఫ్టు ఉత్పత్తి లక్ష్యం మిగిలి ఉన్నదని దానిని ఎవరూ బిగించి కట్టరు. నదికి కూడా అట్టి ఎర్రగీత ఉండాలి, దానిని అందరూ మన్నించాలి.

2019 తరువాత గోదావరిపై విహారాన్ని చాలాకాలం నిలిపివేసి, రేవుల వద్ద కంట్రోలు రూములు నెలకొల్పి, అనుమతుల విధానాన్ని కట్టుదిట్టం చేశారు. వరద రోజులలో లాంచీలను ఆపివేయడం పరిపాటి అయినది. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో వచ్చిన అంతర్దేశీయ నౌకల చట్టం రిజిస్ట్రేషను, తనిఖీ ధ్రువపత్రం, అర్హత కలిగిన సిబ్బంది మొదలైన వాటిని దేశమంతటికీ ఒకే తీరుగా నిర్దేశించినది.

మారిన నది

ఇటీవల పాపికొండలకు వెళ్ళినవారు చిన్ననాటి జ్ఞాపకాలతో పోల్చి, నది మారిపోయినదని అంటున్నారు. అది నిజమే. 2021 జూన్ 11న గోదావరి ప్రవాహాన్ని పోలవరం వద్ద 48 గేట్ల స్పిల్‌వే వైపునకు మళ్ళించారు. నదికి అడ్డంగా ఎగువ కాఫర్ డ్యాం నిలిచినది. దానితో పైనున్న నీరు ఎగదన్ని, దేవీపట్నం పరిసర గ్రామాలెన్నో ముంపునకు లోనయ్యాయి. అక్కడి ప్రజలు ఇళ్ళు, పొలాలు విడిచి పునరావాస కాలనీలకు తరలివెళ్ళారు. లాంచీలో పోతూ నీటిపై తేలుతున్న చెట్ల తలలను చూచి ముచ్చటపడే ముందు, వాటి క్రింద ఒక ఊరు ఉండేదని గుర్తుంచుకొనడం మన ధర్మం.

ఆనకట్ట పూర్తి అయితే నీరు 45.72 మీటర్ల మట్టం వరకు నిలుస్తుంది. ఇప్పటికే ఒకే ప్రవాహానికి మునుపటికంటె ఎత్తున నీరు నిలుస్తున్నది. ఫలానా బండ మునిగితే పోరాదు, ఫలానా ఇసుక మేట కనిపిస్తే పోవచ్చునని తరతరాలుగా సరంగులు పెట్టుకొన్న ఆనవాళ్ళు చాలా వరకు నీటి అడుగున చేరాయి. వారి అనుభవానికి తోడుగా కొలబద్ద అంకెలు ఇంతకుముందుకంటె ఇప్పుడే ఎక్కువ అవసరం.

ఎప్పుడు వెళ్ళాలి? ఎలా వెళ్ళాలి?

నవంబరు నుండి ఫిబ్రవరి వరకు పాపికొండల ప్రయాణానికి అనుకూలమైన కాలం. అప్పటికి ఎర్రనీరు తేటపడి, కొండల నీడలు నీటిలో కనిపిస్తాయి. ఉదయాన మంచుతెరలు, మధ్యాహ్నాన మెత్తని ఎండ ఉంటాయి. సెలవు ముందుగా మంజూరు చేయించుకొనే మిత్రులు సంక్రాంతి రోజులను దృష్టిలో పెట్టుకొంటే మంచిది. దసరాకే వెళ్ళక తప్పనివారు రైలు టిక్కెట్టుతో పాటు మరొక ఏర్పాటు కూడా ఆలోచించుకొని బయలుదేరాలి.

ప్రయాణానికి ముందు వారం రోజుల పాటు భద్రాచలం నీటిమట్టాన్ని వార్తలలో గమనించండి. అంకె ఎంత అన్నదానితో పాటు, అది పెరుగుతున్నదా తగ్గుతున్నదా అన్నది ముఖ్యం. ప్రాణహితకు, ఇంద్రావతికి వరద వచ్చిందని వింటే, ఆ నీరు ఇంకా దారిలో ఉన్నదని గ్రహించండి. లాంచీ ఎక్కగానే లైఫ్ జాకెట్టు కట్టుకొని, దిగేవరకు విప్పకండి. పిల్లలకు వారి కొలతకు సరిపోయినదే అడిగి తీసుకోండి. పరిమితికి మించి జనాన్ని ఎక్కించుకొంటున్నారని తోచితే దిగిపోవడానికి మొగమాటపడకండి. అన్నిటికంటె ముఖ్యంగా, ప్రయాణం రద్దయినదని చెప్పిన సిబ్బందితో వాదించకండి. ఆ మాట చెప్పినవారు మన మేలు కోరినవారే.

రద్దయితే యాత్ర వ్యర్థం కానక్కరలేదు. వరద గోదావరిని చూడవలసినది ఒడ్డు నుండే. ధవళేశ్వరంలో 175 గేట్లతో నాలుగు భాగాలుగా సాగిన బ్యారేజీ క్రింద ఎర్రని నీరు నురగలు కక్కుతూ దూకే దృశ్యం మరపురానిది. 1847లో పని మొదలుపెట్టి 1852 నాటికి ఇక్కడ తొలి ఆనకట్టను నిర్మింపజేసిన సర్ ఆర్థర్ కాటన్ పేరిట నెలకొల్పిన మ్యూజియం దగ్గరలోనే ఉన్నది. ఆనకట్ట వెనుకనున్న లెక్కలను, కొలతలను పిల్లలకు అక్కడ చూపించవచ్చు. రాజమహేంద్రవరంలో మెట్ల రేవు వద్ద నిలబడి, నిన్న కనిపించిన మెట్లు ఈ రోజు ఎన్ని మునిగాయో వారి చేతనే లెక్కపెట్టించవచ్చు. నీటిమట్టం అంటే ఏమిటో ఏ పాఠ్యపుస్తకమూ అంత బాగా చెప్పలేదు.

సెలవులు మరుసటి సంవత్సరం మళ్ళీ వస్తాయి. గోదావరి తేటపడడం అంతకంటె ముందే, కార్తికానికే జరుగుతుంది. అంతవరకు ఓపిక పట్టి, కుటుంబ సమేతంగా వెళ్ళి, పాపికొండల సౌందర్యాన్ని తనివితీర చూచి, క్షేమంగా తిరిగి రావలసినదిగా మిత్రులందరినీ కోరుతున్నాము.